స్క్రబ్బరు - ఒక వట్టిపోయిన గేదె కథ

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళాను. మా ఊరు రాజోలు దగ్గర. పేరు చెప్పినా మీకు తెలీదు, చెప్పకపోయినా ఈ కథకొచ్చే నష్టం లేదు. భోజనాలయ్యాక అరుగు మీద చాపేసుకుని నడుం వాల్చబోతుంటే మా పెద్ద మావయ్య వచ్చి పక్కన కూర్చున్నారు. ఆయన కాకినాడ వైపు ఒక ఫ్యాక్టరీలో (పేరొద్దు లెండి) పాతికేళ్ళు పని చేసి రిటైరయ్యారు. ఏం పని మావయ్యా అని చిన్నప్పుడు అడిగితే "పొగని కడుగుతాన్రా" అనేవారు. పొగని కడగడమేంటి, మమ్మల్ని వెర్రిపప్పల్ని చేస్తున్నారు అనుకునేవాళ్ళం. ఆయన చెప్పింది అక్షరాలా నిజమని తెలియడానికి నాకు ఇరవయ్యేళ్ళు పట్టింది.

"ఏరా అల్లుడూ, నువ్వు రాసే ప్రోగ్రాములు పొగ గొట్టాలక్కూడా తగిలిస్తారటగా? కొలతలు తిన్నగా ఢిల్లీ పోతాయంట?" అన్నారు.

"అవును మావయ్యా, కొన్నాళ్ళు ఆ పని చేశాను" అన్నాను.

"మరైతే మిషనాగిపోతే తెలుస్తుందా?"

ఈ ప్రశ్నకి అప్పుడు నేను తిన్నగా జవాబు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఈ టపా చివర్లో చెప్తాను. ముందు అసలు స్క్రబ్బరంటే ఏంటో, దాని చరిత్రేంటో చూద్దాం. ఎందుకంటే ఈ యంత్రం పుట్టిన దగ్గర్నించీ మావయ్య అడిగిన ప్రశ్నే దాన్ని వెంటాడుతోంది.

స్క్రబ్బరు చాలా సాదా యంత్రం. ఒక ఎత్తైన గొట్టం. అందులో చిన్న చిన్న ప్లాస్టిక్ చుట్టలు (పాల్ రింగులంటారు) గుట్టగా పోసి ఉంటాయి. పైనించి నీళ్ళో, కాస్టిక్ సోడా కలిపిన నీళ్ళో జల్లుగా పడుతుంటాయి. కిందనించి ఫ్యాను విషపు గాలిని పైకి తోస్తుంది. ఆ చుట్టల సందుల్లో గాలీ నీళ్ళూ ఒకదాన్నొకటి రాసుకుంటూ పోతాయి, గాలిలో ఉన్న ఆమ్లం నీళ్ళలోకి దిగిపోతుంది. ఆఖర్న నీటి తుంపర్లు బయటికి పోకుండా ఒక జల్లెడ. అంతే. ఒక పంపు, ఒక ఫ్యాను, ఒక పీహెచ్ మీటరు. రాకెట్ సైన్సేమీ కాదు.

మరి కష్టమెక్కడుంది? మావయ్య మాటల్లోనే చెప్తాను. "రియాక్టరు పాలిచ్చే గేదెరా. దానికి తవుడూ చిట్టూ అన్నీ పెడతారు. స్క్రబ్బరు వట్టిపోయిన గేదె. మేత మేస్తది, పాలివ్వదు. ఏ రైతు మేపుతాడు చెప్పు?"

ఇరవై నాలుగ్గంటలూ కరెంటు తింటుంది. కాస్టిక్ తాగుతుంది. మురికి నీళ్ళు వదుల్తుంది, వాటినెక్కడో మళ్ళీ శుద్ధి చెయ్యాలి. ఇన్ని చేసి అది ఇచ్చేది ఏంటయ్యా అంటే.. ఏమీ జరక్కపోవడం. ఏమీ జరక్కపోవడానికి బాలెన్స్ షీట్లో గడి ఉండదు కదా.

సరే, చరిత్రకొద్దాం. కథ మొదలైంది ఇంగ్లండులో, సబ్బు కోసం. సబ్బుకీ గాజుకీ సోడా కావాలి. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో లెబ్లాంక్ పద్ధతిలో ఉప్పు మీద గంధకామ్లం పోసి దాన్ని తయారుచేసేవారు. ఆ పనిలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఆవిరిగా బయటికొస్తుంది. దాన్ని చిమ్నీ లోంచి గాల్లోకి వదిలేసేవారు. చుట్టుపక్కల చెట్లు మాడిపోయేవి, పంటలు పోయేవి, ఇనుప తాళాలూ గొళ్ళేలూ తుప్పు పట్టిపోయేవి. ఫ్యాక్టరీల వాళ్ళు చేసిన మొదటి ఉపాయం ఏంటో తెలుసా? చిమ్నీ ఇంకా ఎత్తు కట్టడం! పక్కూరి పంట బదులు ఆ పైఊరి పంట మాడుతుందన్నమాట.

1836లో విలియం గోసేజ్ అనే ఆయన ఒక పాడుబడ్డ గాలిమరని పట్టుకున్నాడు. దాన్నిండా కంపా పుల్లా కుక్కి, పైనించి నీళ్ళు వదిలి, కిందనించి ఆ ఆమ్లపు ఆవిరిని పంపించాడు. ఆవిరి నీళ్ళలో కలిసిపోయింది. ఇప్పటి స్క్రబ్బరు కూడా ఇదే. కంపకి బదులు ప్లాస్టిక్ చుట్టలొచ్చాయి, మిగతాదంతా గోసేజ్ గారి గాలిమరే.

యంత్రం 1836లో వచ్చినా, చట్టం మాత్రం 1863లో గానీ రాలేదు. ఇరవయ్యేడేళ్ళు! ఆల్కలీ యాక్ట్ అని పెట్టి, ఆ ఆమ్లంలో కనీసం 95 శాతం పట్టి తీరాలన్నారు. చూడ్డానికి రాబర్ట్ ఆంగస్ స్మిత్ అనే రసాయన శాస్త్రవేత్తని ఇన్స్పెక్టరుగా వేశారు. ఆసిడ్ రెయిన్ అన్న మాట ప్రచారంలోకి తెచ్చింది ఈయనే, 1872లో. ఆయన కింద నలుగురంటే నలుగురు సహాయకులు, చూడాల్సింది దేశంలో ఉన్న ఆల్కలీ ఫ్యాక్టరీలన్నీ. మావయ్య ప్రశ్న అప్పటికే వాళ్ళ నెత్తినెక్కి కూర్చుంది: మేం వెళ్ళిన రోజు టవరు నడుస్తోంది, మేం వెళ్ళని రోజు సంగతేంటి? వాళ్ళలో ఒకడైన ఆల్‌ఫ్రెడ్ ఫ్లెచర్ చిమ్నీలో గాలి ఎంత వేగంతో పోతోందో కొలిచే పరికరం ఒకటి తయారుచేశాడు. శాతం ఎంతో తేలాలంటే ముందు ఎంత గాలి పోతోందో తెలియాలి కదా. ఒక రకంగా మా డేటా ఎక్విజిషన్ వాళ్ళందరికీ ముత్తాత ఆయన.

ఇక్కడో తమాషా ఉంది. అప్పటిదాకా పట్టిన ఆమ్లాన్ని చాలామంది కాలవల్లోకి ఒంపేసేవారు. తర్వాత వెల్డన్, డీకన్ అనేవాళ్ళు ఆ ఆమ్లం లోంచి క్లోరిన్ తీసి, దాంతో బట్టలు తెల్లబరిచే బ్లీచింగ్ పౌడరు చేసే చవక పద్ధతులు కనిపెట్టారు. వట్టిపోయిన గేదె పాలివ్వడం మొదలెట్టింది! ఇంక టవర్లని ఇన్స్పెక్టరు వచ్చి చూడక్కర్లేదు, యజమానులే పొద్దున్నే లేచి చూసుకున్నారు. ఒక్క ముక్క కూడా ఆమ్లం బయటికి పోకూడదు, పోతే డబ్బు పోయినట్టే. చట్టమూ, ఇన్స్పెక్టర్లూ చెయ్యగలిగినంత చేశారు, మిగతాది బ్లీచింగ్ పౌడరు ధర చేసింది. నాకు ఈ కథలో బాగా గుచ్చుకునేది ఇదే.

ఇక మన కోనసీమకి రండి. కోనసీమ అనగానే కొబ్బరి చెట్లూ, కాలవలూ, లంకలూ, ఆయ్ అనే మాటా.. ఇవే చెప్తారు అందరూ. నేల కింద గ్యాసుందని మాకు పుస్తకాల్లో చెప్పలేదు, ఆకాశంలో చూసి తెలుసుకున్నాం. 1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర ఓఎన్జీసీ తవ్వుతున్న బావి పేలింది. మంట లేచింది. సంక్రాంతికి ఇంచుమించు వారం ముందు. ఆ ఏడు భోగి మంటలెవరు చూశారు? అందరం ఆ మంట వైపే చూశాం. 65 రోజులు మండింది. అమెరికా నించి మంటలార్పే నిపుణులొచ్చారు, మార్చి 15న ఆరింది. ఆ మంట ఆరిన రాత్రి మా వీధిలో చాలామందికి నిద్ర పట్టలేదు, చీకటి మరీ ఎక్కువైపోయిందని.

ఆ తర్వాత మాకు గ్యాసంటే అలాంటి మంటే అనుకునేవాళ్ళం. భయపడాల్సింది మంటకని. నాగరం దాకా అలాగే అనుకున్నాం.

ఇక్కడ చిన్న పిడకల వేట. గ్యాస్ బావుల దగ్గర కూడా స్క్రబ్బర్లుంటాయి. పేరొకటే, పని కొంచెం తేడా. భూమిలోంచి వచ్చే గ్యాసు ఒంటరిగా రాదు. నీళ్ళొస్తాయి, కండెన్సేటనే తేలిక నూనె వస్తుంది, బొగ్గుపులుసు వాయువు వస్తుంది. సెపరేటర్లో పెద్ద బొట్లు దిగిపోతాయి. మిగిలిన సన్న తుంపర్లని గ్యాస్ స్క్రబ్బర్లో తీగల మెత్త లాంటి దాని గుండా పంపి పట్టేస్తారు. అప్పటికీ గ్యాసులో ఆవిరి రూపంలో తేమ మిగులుతుంది. దాన్ని తీయాలంటే గ్లైకాల్ అనే చిక్కటి ద్రవంతో కడగాలి. తేమ పీల్చుకున్న గ్లైకాల్‌ని ఇంచుమించు 200 డిగ్రీలకి కాచి, నీళ్ళు తోలేసి, మళ్ళీ వాడతారు. ఇదీ గోసేజ్ టవరే, లోపల వానకి బదులు గ్లైకాల్ జల్లు. దీనికీ మేత కావాలి: కాచడానికి ఇంధనం, తిప్పడానికి పంపులు, చూడ్డానికి మనుషులు.

తేమ తీయకపోతే ఏమవుతుంది? నీళ్ళూ బొగ్గుపులుసు వాయువూ కలిస్తే కార్బానిక్ ఆమ్లం. మన సోడాకాయలో ఉండేదే. మనిషికి హాని లేదు గానీ ఉక్కు పైపుకి నెమ్మది విషం. పైపు అడుగున నీళ్ళు నిలిచే చోట, లోపల్నించి, ఎవరికీ కనపడకుండా, ఏళ్ళ తరబడి తినేస్తుంది.

2014 జూన్ 27, శుక్రవారం. తెల్లవారుజామున మామిడికుదురు మండలం నాగరంలో గెయిల్ వాళ్ళ 18 అంగుళాల పైపు పగిలింది. తాటిపాక నించి విజయవాడ దగ్గర కొండపల్లి విద్యుత్ ప్లాంటుకి గ్యాసు తీసికెళ్ళే లైను. గ్యాసు మంచులా నేల మీద పరుచుకుంది. టీ కొట్టులో పొయ్యి వెలిగించగానే అంటుకుందని అప్పటి పేపర్లన్నీ రాశాయి. నిద్రలో ఉన్నవాళ్ళు నిద్రలోనే పోయారు. పరిగెత్తినవాళ్ళు రోడ్డు మీద పోయారు. ఇరవై మందికి పైగా చనిపోయారు. కొబ్బరి చెట్లు మొదలంటా మాడి నిలబడ్డ ఆ ఫోటోలు చూసే ఉంటారు. మా ఊరికి నాగరం దూరమేం కాదు. ఆ ఊళ్ళో మాకు వియ్యాలున్నాయి. అంతకంటే రాయలేను.

విచారణలో తేలిందేంటి? పొడి గ్యాసు కోసం వేసిన పైపులో తడి గ్యాసు పంపారు. తేమ తీసే యూనిట్ అక్కడ లేదు. నీళ్ళూ కండెన్సేటూ పైపులో చేరి లోపల్నించి తుప్పు పట్టించాయి. పెట్రోలియం నియంత్రణ మండలి గెయిల్ మీద వేసిన జరిమానా 20 లక్షల రూపాయలు. తప్పు చదివారేమో అని మళ్ళీ చూసుకోకండి, 20 లక్షలే.

నాకు నిప్పు పెట్టిన టీ కొట్టు పొయ్యి గురించి ఎప్పుడూ ఒక బాధ. వార్తలన్నిట్లో మొదటి వాక్యం దానిదే. పాపం తెల్లారగట్ల లేచి పాలు కాచుకునే మనిషి. అగ్గిపుల్ల గీసిన క్షణం అందరికీ తెలుసు. గ్యాసుని ఎండబెట్టకుండా పంపుదామని కాగితం మీద ఎవరో సంతకం పెట్టిన క్షణం ఎవరికీ తెలీదు.

ఇలాంటిదే, ఇంతకంటే ఎన్నో రెట్లు పెద్దది, భోపాల్. 1984 డిసెంబరు 2 రాత్రి. యూనియన్ కార్బైడ్ కథ అందరికీ తెలుసు గనక మొత్తం చెప్పను, మన గేదెకి సంబంధించినంత వరకే. అక్కడ మిథైల్ ఐసోసయనేట్ ట్యాంకులకి రక్షణగా కాపలాదార్లు వరసగా ఉన్నారు. ఒకటి, ట్యాంకుని చల్లగా ఉంచే రిఫ్రిజిరేషన్. దాన్ని ఆ ఏడాది మధ్యలోనే ఆపేశారు. రెండు, కాస్టిక్ సోడా స్క్రబ్బరు. ఉత్పత్తి ఆగింది కదా అని దాన్ని స్టాండ్‌బైలో పెట్టారు. మూడు, మిగిలిన గ్యాసుని కాల్చేసే ఫ్లేర్ టవరు. తుప్పు పట్టిన పైపు ముక్క తీసేసి మార్చకుండా ఉంచారు గనక అదీ పని చెయ్యదు. నాలుగు, నీళ్ళ గొట్టాలు. ఆ జల్లు గ్యాసు బయటికొస్తున్న ఎత్తుకి అందలేదు. ట్యాంకు లోంచి సుమారు 40 టన్నులు పోయింది. ప్రభుత్వం ఒప్పుకున్న మరణాలే 3,787. అసలు లెక్క ఇప్పటికీ తేలలేదు.

స్క్రబ్బరు నడిచుంటే ఆగేదా? ఆగేది కాదు. అది అంత ప్రవాహానికి కట్టింది కాదు. ఈ మాట నిజాయితీగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది "స్క్రబ్బరు ఆన్‌లో ఉంటే భోపాల్ జరిగేదే కాదు" అని తేల్చేస్తుంటారు. కొంత పట్టేది, అంతే. అసలు దెబ్బ రిఫ్రిజిరేషన్ దగ్గర తగిలింది. చల్లగా ఉంటే లోపల రసాయన చర్య అంత వేగంగా ముదిరేది కాదు. నాకు ముఖ్యంగా అనిపించేది ఆ నాలుగు కాపలాలూ వేరువేరు రోజుల్లో, వేరువేరు కారణాలతో, ఒక్కొక్కటే ఆగడం. ఏ ఒక్క నిర్ణయమూ ఆ రోజున పిచ్చిపనిలా కనపడి ఉండదు. ప్రతిదానికీ ఒక ఖర్చు మిగిలి ఉంటుంది, ఎవరో ఒకరు మెచ్చుకుని ఉంటారు కూడా.

దేశానికి గాలి చట్టం 1981లోనే ఉంది. భోపాల్ తర్వాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం, 1987లో ఫ్యాక్టరీల చట్టానికి సవరణ వచ్చాయి. మన దగ్గర చట్టాలకి పుట్టిన రోజుండదు, తద్దినం ఉంటుంది.

2020 మే 7, విశాఖ, ఆర్ఆర్ వెంకటాపురం. ఎల్జీ పాలిమర్స్ లో స్టైరీన్ ట్యాంకు వేడెక్కి ఆవిరి ఊరి మీద పడింది. 12 మంది పోయారు. లాక్‌డౌన్ వల్ల ప్లాంటు ఆపి ఉంది. రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ జులైలో ఇచ్చిన రిపోర్టులో ఒక విషయం నన్ను కుర్చీలోంచి లేపింది. ఆ ట్యాంకుని చల్లబరిచే వ్యవస్థని సాయంత్రం అయిదింటికి ఆపేసేవారట! పొద్దున్న మళ్ళీ వేసేవారు. ఆఫీసు టైమింగ్సు అన్నమాట. స్టైరీన్‌కి డ్యూటీ దిగడం తెలీదు కదా.

భోపాల్ రాత్రి. నాగరం తెల్లవారుజాము. విశాఖ మూడు గంటల వేళ. కాకతాళీయమనుకుంటే అనుకోండి. నేను అనుకోలేను. రాత్రి అంటే తక్కువ మనుషులు, తక్కువ కళ్ళు. మావయ్య ఇంకో కారణం కూడా చెప్పారు. "రాత్రయితే పొగ కనపడదు కదరా. సూపర్వైజరు పడుకున్నాక మొదట ఆపేది ఆ ఫ్యానే. పొద్దున్న ఆరింటికి మళ్ళీ వేస్తారు, టవర్లోంచి ఆవిరి కనపడాలి కదా."

"మీరు ఆపారా ఎప్పుడైనా?" అన్నాను.

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. "ఆపమన్నప్పుడు ఆపాన్రా. పిల్లల చదువులు."

ఇప్పుడు కాస్త లెక్కలు. ఇవి ఇష్టం లేనివాళ్ళు రెండు పేరాలు దాటెయ్యండి, ఏమీ అనుకోను :)

కరెంటు మిగల్చడం తప్పు పని కాదు. నా గొడవల్లా ఎలా మిగలుస్తున్నారన్నదే. 50 హెచ్పీ ఫ్యాను రోజంతా పూర్తి లోడు మీద తిరిగితే ఇంచుమించు 895 యూనిట్లు. యూనిట్ ఏడు రూపాయలనుకుంటే రోజుకి 6,200 పైమాటే. యజమాని కంటికి అది ఆనడంలో వింత లేదు. కానీ ఫ్యాన్లకో మంచి గుణం ఉంది. వేగం తగ్గిస్తే కరెంటు ఘనంలో తగ్గుతుంది. వేగం 80 శాతానికి దించితే ఖర్చయ్యేది 51 శాతమే. వీఎఫ్డీ అనే డబ్బా పెట్టి, బ్యాచ్ నడవని టైములో, గాలి తక్కువ చాలే చోట వేగం తగ్గించుకోవచ్చు. అయితే హుడ్ దగ్గర ఆవిరిని లాగే బలం పోకుండా చూసుకోవాలి, లేకపోతే స్క్రబ్బరు దాకా రాకుండానే షెడ్డులో పనివాళ్ళ ముక్కుల్లోకి పోతుంది.

రెండోది ఇంకా చవక. టవర్లో చుట్టలకి పాచి, ఉప్పు పెచ్చులు కడతాయి. మన సముద్రం పక్క బోరు నీళ్ళయితే మరీను. సందులు పూడుకుపోయే కొద్దీ ఫ్యాను ఎక్కువ ఈడ్వాలి. గంటకి 10,000 ఘనమీటర్ల గాలి పోయే టవర్లో నిరోధం 100 మిల్లీమీటర్ల నీటి మట్టమంత పెరిగితే, ఫ్యాను సామర్థ్యం 60 శాతమైతే, నాలుగున్నర కిలోవాట్లు ఉత్తి పుణ్యానికి పోతాయి. రోజుకి 108 యూనిట్లు. దీన్ని పట్టుకోవడానికి సాఫ్ట్‌వేరక్కర్లేదు. యూ ఆకారంలో ఒక ప్లాస్టిక్ గొట్టం, అందులో రంగు నీళ్ళు, ఒక స్కేలు. నీళ్ళ తేడా పెరుగుతుంటే చుట్టలు తీసి ఆసిడ్ నీళ్ళలో నానబెట్టి కడగాలి. తేడా బొత్తిగా లేకపోతే ఫ్యానే తిరగట్లేదు. అంటే పొగ శుభ్రంగా పోవడం, కరెంటు మిగలడం, రెండూ ఒకే కడుగుడు పనిలో ఉన్నాయి. కానీ కడగాలంటే ప్లాంటు ఒక రోజు ఆపాలి, ఇద్దరు మనుషులు లోపలికి దిగాలి. స్విచ్ ఆపడానికి ఒక వేలు చాలు.

థర్మల్ ప్లాంట్ల గొడవ కూడా ఇదే మలుపు తిరిగింది. గంధకం పట్టే స్క్రబ్బర్లు పెట్టండని 2015 డిసెంబరులో నోటిఫికేషన్ ఇచ్చారు, రెండేళ్ళు గడువు. గడువు మీద గడువు పొడిగించి, 2025 జులైలో దేశంలో ఎక్కువ భాగం యూనిట్లకి అసలు అక్కర్లేదన్నారు. మన బొగ్గులో గంధకం తక్కువ, ఆ యంత్రాలు తినే కరెంటుకి మళ్ళీ బొగ్గు కాల్చాలి అన్నది వాళ్ళ వాదన. అందులో కొంత నిజం లేకపోలేదు. నాకు అభ్యంతరమల్లా, ఆ లెక్కేదో 2015లో వెయ్యకుండా పదేళ్ళు నానబెట్టి చివర్న వెయ్యడం. మాట విని ముందే డబ్బు పెట్టి కట్టుకున్నవాడు పిచ్చివాడయ్యాడు.

సరే, చివర్లో చెప్తానన్నది.

2014 ఫిబ్రవరిలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 17 రకాల బాగా కాలుష్యం చేసే పరిశ్రమలకి ఒక ఆదేశం ఇచ్చింది. చిమ్నీలకి మీటర్లు బిగించి, కొలతలు ఎప్పటికప్పుడు సర్వర్లకి పంపాలని. స్మిత్ గారి నలుగురు ఇన్స్పెక్టర్లకి బదులు, నిద్రపోని ఇన్స్పెక్టరన్నమాట. ఐడియా నాకు భలే నచ్చింది. నాగరం జరిగింది అదే ఏడు జూన్‌లో. ఆ తర్వాత కొన్నాళ్ళకి నేను ఇలాంటి సాఫ్ట్‌వేరు రాసే ఒక చిన్న కంపెనీలో చేరాను. మా ఊరికి ఏదో చేస్తున్నట్టు లోపల ఒక గర్వం కూడా ఉండేది, దాచుకోవడమెందుకు.

ఒక క్లయింటు ప్లాంట్లో మీటరు నించి సిగ్నలు తెగిపోతుండేది. నెట్‌వర్క్ సమస్యలు, కేలిబ్రేషన్ టైములో ఖాళీలు, మామూలే. ఖాళీ వస్తే బోర్డు నించి ఎస్సెమ్మెస్ వచ్చేది, క్లయింటు మా మేనేజరుకి ఫోన్ చేసేవాడు. "ఖాళీ రాకుండా చూడు బాబూ, సిగ్నలు లేకపోతే ముందున్న విలువే పంపించు" అన్నారు. అయిదు నిమిషాల పని. విలువ రాకపోతే పాత విలువ వాడు. ఆ లైను రాసింది నేనే. ఎన్ని నిమిషాల దాకా వాడొచ్చో హద్దు పెట్టలేదు. మర్చిపోయానని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. మర్చిపోలేదు. అడగలేదు గనక పెట్టలేదు.

ఓసారి వేరే పని మీద ఆ ప్లాంటుకెళ్ళాను. స్క్రబ్బరు పక్కనించి నడుస్తుంటే చప్పుడు లేదు. ఫ్యాను బెల్టులు తీసి కింద గోనెసంచి మీద పెట్టి ఉన్నాయి, వాటి మీద దుమ్ము. కంట్రోల్ రూంకెళ్ళి స్క్రీన్ చూస్తే ఆకుపచ్చ గీత, తిన్నగా, స్కేలు పెట్టి గీసినట్టు. వెనక్కి జరిపి చూశాను. పదకొండు రోజులు ఒకే అంకె, దశాంశాలతో సహా. బతికున్న మనిషి నాడి అలా ఉండదు.

వచ్చాక మా మేనేజరుకి చెప్పాను. "అది ప్లాంటు వాళ్ళ సమస్య, మనది డేటా పంపడమే" అన్నారు. నేను పదిహేను నిమిషాల హద్దు పెట్టి, దాటితే ఖాళీ వదిలేలా మార్చాను. వారంలో క్లయింటు నించి ఫోను, మార్పు వెనక్కి తీసేశారు. బోర్డుకి ఉత్తరం రాద్దామనుకున్నాను. రాయలేదు. ఇంటి లోనుంది, పాపని అప్పుడే స్కూల్లో వేశాం. మావయ్య పిల్లల చదువులన్నప్పుడు నా దగ్గర మాట లేకపోవడానికి కారణం ఇదే. ఆర్నెల్లకి వేరే ఉద్యోగం చూసుకున్నాను.

ఇప్పుడు చట్టం కూడా మెత్తబడింది. 2023లో వచ్చిన జన్ విశ్వాస్ చట్టంతో గాలి చట్టం కింద చాలా తప్పులకి జైలు పోయి, 10 వేల నించి 15 లక్షల దాకా పెనాల్టీ అయింది. జైలు ఉన్న రోజుల్లో మాత్రం ఎంతమంది వెళ్ళారు అనొచ్చు మీరు. నిజమే. అయినా ఫ్యాను కరెంటు ఖర్చు రోజుకి ఆరు వేలైతే, పెనాల్టీ పది వేల దగ్గర మొదలైతే, యజమాని వేసే లెక్క నేను విడిగా వెయ్యక్కర్లేదనుకుంటా.

పండగ నించి తిరిగొచ్చాక ఆ పాత కంపెనీలో ఇప్పుడా కోడ్ చూసుకుంటున్న కుర్రాడి నంబరు సంపాదించాను. మంచివాడు, అమలాపురం వాడే. ఆ ఫైలు, ఆ ఫంక్షను పేరు చెప్పి, అదింకా ఉందా అని అడిగాను.

"ఉందండి. దాని మీద కామెంట్ కూడా ఉందండి, దీన్ని ముట్టుకోవద్దని. ఎవరు రాశారో తెలీదు. ఎందుకండీ?"

ఆ కామెంట్ నేను రాసింది కాదు. లైను నాది.

అతనికి మొత్తం చెప్పాను, పదకొండు రోజుల గీతతో సహా. అవతల కాసేపు చప్పుడు లేదు. "మా మావగారిది నాగరమేనండి" అన్నాడు. ఒక కాపీ నాకు పంపుతానన్నాడు, ఇంకా పంపలేదు. పంపమని నేనూ మళ్ళీ అడగలేదు, ఈ ఆదివారం అడగాలి.